పౌనే దో

యుద్ధం నడుస్తున్న ఆ ఎండాకాలంలో సిద్దిపేట నుంచి వేములఘాట్ దాకా గడియారంతో పందెం వేసి సైకిలు తొక్కిన వాళ్లు ముగ్గురు. ఒకడు నౌకరీ సంపాదించాడు. ఒకడు వాగులో పడ్డాడు. మూడోవాడు దుర్గయ్య. చరిత్రకెక్కదగినంత జాగ్రత్తగా తొక్కిన వాడు ఇతడొక్కడే కాబట్టి ఇతని సంగతి రాస్తున్నాను.

దుర్గయ్య తాళ్లు గీసి కల్లు దించే గౌడు. రెండేళ్ల కింద చెట్టు మీది నుంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి గాని, ఆ తర్వాత చెట్టు సగం ఎక్కేసరికి కాళ్లు వణికేవి. ఆకు కదలని రోజున కూడా మొగుడు చెట్టు మీద ఊగుతుంటే, కింద నిలబడ్డ చంద్రవ్వకు సంగతి అర్థమైంది. ఆమె కన్నార్పకుండా పైకే చూస్తూ నిలబడింది. దానివల్ల అతని వణుకు మరింత పెరిగింది.

ఇంతలో ఒక జాగీరు కచేరీ వారికి కాగితాలు మోయడానికి సైకిలు జవాను కావలసి వచ్చింది. జీతం ఉంది, ఖాకీ అంగీ ఉంది. దుర్గయ్యకు అవేవీ పట్టలేదు. అది నేల మీద చేసే కొలువు. అతనికి అంతే చాలు.

పరీక్ష విధానం శాస్త్రోక్తంగా ఏర్పాటైంది. అరగంటకు ఒకడు చొప్పున బయలుదేరాలి. బయలుదేరిన వేళ సిద్దిపేటలో మున్షీ, అంటే కచేరీ గుమాస్తా, చీటీ మీద రాసి ఇస్తాడు; వేములఘాట్‌లో ఇంకో మున్షీ చేరిన వేళ రాస్తాడు. దారి పొడుగునా రాళ్లు, బండి చక్రాలు తవ్విన గాడులు, మధ్యలో ఇసుక వాగు. గడువు, మున్షీ సాబు నోటి మాటగా, ‘పౌనే దో ఘంటే’.

ఉర్దూ తెలిసిన వారికి అది పావు తక్కువ రెండు గంటలు. దుర్గయ్యకు తెలియదు. సైకిలు కిరాయికిచ్చే రాజనర్సును అడిగాడు. రాజనర్సుకు తెలియదన్న విషయం రాజనర్సుకు తెలియదు.

“పౌనే అంటె పావు. దో అంటె రెండు. రెండుంబావు గంటలు,” అన్నాడు.

“గంత టైమిచ్చిన్రా?”

“సర్కారు బాట ఎట్లుందో ఆళ్లకు ఎర్క లేదా? గని దుర్గన్నా, లడాయిల టైర్లు దొర్కుతలెవ్వు. నా టైరు పలిగిందో, కొత్తది నువ్వే తెచ్చియ్యాలె.”

దుర్గయ్య రెండు మాటలనూ గుండెలో దాచుకున్నాడు.

తెల్లారి మొదట బయలుదేరింది అతడే. చేతికి గడియారం లేదు, అవసరమూ లేదు. ఇరవై ఏళ్లు చెట్ల నీడలను చూసి కల్లు దించిన మనిషికి పొద్దు లెక్క తప్పదు. రాళ్లు ఎదురైన చోటల్లా దిగి సైకిలును నడిపించాడు. వాగులో ఇసుక తగలకుండా దాన్ని భుజానికెత్తుకున్నాడు. ఆవలి ఒడ్డున చెలిమె పక్కన కూర్చుని, నీళ్లు తాగి, టైరు మీద గుచ్చుకున్న ముళ్లను ఒక్కొక్కటే పీకాడు.

అప్పుడు పర్శరాములు వచ్చాడు. వరుసకు అల్లుడు, తనకంటే అరగంట వెనక బయలుదేరినవాడు. రెండు మోకాళ్లూ చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

“ఏందే మామా, కూసున్నవు? పానం బాగలేదా?”

“బాగనే ఉన్నది. నువ్వేందిరా గట్ల ఉరుకుతున్నవు, పెండ్లిల బంతి లేస్తదన్నట్టు? మస్తు టైమున్నది.”

పర్శరాములు ఒక్క క్షణం ఆగి అతన్ని చూశాడు. తనకు తెలియని రహస్యమేదో మామకు తెలుసనుకున్నాడు. అయినా మళ్లీ తొక్కుకుంటూ పోయాడు.

దుర్గయ్య వేములఘాట్ చేరి, సైకిలును నీడన నిలబెట్టి, అంగీ దులుపుకుని, చీటీ అందించాడు. నీడల లెక్క ప్రకారం ఇంకా పావు గడియ మిగిలింది.

మున్షీ గడియారం చూశాడు. “రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఫేల్.”

“రెండుంబావు గద, సాబ్.”

“పౌనే దో. పావు తక్కువ రెండు.”

దుర్గయ్య సైకిలు వైపు చూశాడు. టైరుకు ఒక్క గీత పడలేదు.

“మళ్ల తొక్కుత, సాబ్. ఇప్పుడే తొక్కుత. మొత్తం తొక్కుత.”

“ఒక్కసారే,” అన్నాడు మున్షీ. మనిషి చెడ్డవాడు కాడు. తన చెంబులో నీళ్లు ఇచ్చాడు.

సిద్దిపేటకు అతడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. రాజనర్సు టైరును రెండుసార్లు తడిమి చూసి, ఇంత పద్ధతిగల మనిషిని కాదన్న కచేరీ బాగుపడదని తీర్పు చెప్పాడు. పౌనే సంగతి ఎత్తితే, అది హైదరాబాదు ఉర్దూ అయి ఉంటుందన్నాడు.

ఇంటి దగ్గర చంద్రవ్వ అంతా విన్నది. చివరిదాకా వినవలసిన అవసరం ఆమెకు లేదు.

“పావు తక్కువ రెండు,” అన్నది. “అంగట్ల సాయిబుల దగ్గర వారం వారం కొంటనే ఉంట. పౌనే దో సేర్లు అంటె గంతే పోస్తరు. నన్నడగకపోతివి?”

“నీకు ఉర్దూ ఎక్కడొస్తదనుకున్న.”

“ఉర్దూ రాదు. పౌనే దో వస్తది.”

పర్శరాములుకు నౌకరీ ఖాయమైందని వాకిట్లో ఎవరో చెప్పి పోయారు.

మూడో రోజు దుర్గయ్య తాటివనానికి పోయాడు. చెట్లన్నిటిలో పొట్టిదాన్ని వెతుక్కున్నాడు. అది కూడా తాటిచెట్టే. చంద్రవ్వ కింద నిలబడింది. అతడు సగం దాకా ఎక్కాడు, అక్కడ ఆగాడు. ఈసారి ఆమె తల వంచుకుని నేలను చూస్తూ నిలబడింది, అతడు ఎక్కేదాకానో, దిగేదాకానో.