పొట్టేలు పోసిన సాక్ష్యం

తొంభైల్లో నేను ఆత్మకూరులో పశువుల డాక్టరుగా ఉన్నాను. చదివింది కొంచెం, చెప్పేది ఎక్కువ. ఉదయగిరి పక్క పల్లెలో ఉండే మా మేనమామకు కిడ్నీలో జింక కొమ్ముల్లా చీలిన రాయి ఉందని నెల్లూరులో తేల్చారు. కిడ్నీకి రక్తం కాసేపు ఆపి, కోసి, రాయి తీయాలి. తీయకుంటే కిడ్నీ పోతుంది. మామ ససేమిరా అన్నాడు.

"రక్తం ఆపితే అది చచ్చిపోదంట్రా అల్లుడా?"

"ఆగినప్పటికన్నా తిరిగొచ్చినప్పుడే ఎక్కువ దెబ్బ మామా. సరైన మత్తుమందు ఇస్తే ఆ దెబ్బ తగ్గొచ్చంట." అప్పుడే ఏదో పత్రికలో చదివి ఉన్నాను.

"అంట ఏందిరా? నువ్వు చూసినావా?"

చూడలేదంటే సరిపోయేది. "చూపిస్తా" అన్నాను.

ఆ ఆదివారం ఆత్మకూరులో మా చర్చిలో కోత పండుగ. మామా అత్తా దానికి వచ్చారు. కానుకగా తెచ్చిన కోళ్లు, గుమ్మడికాయలు, పొట్టేళ్లు ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఒక పొట్టేలును నేను పాడుకున్నాను. కూరకు కాదని తెలిసి పాస్టరయ్య దాని నెత్తిన చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ జీవి మూత్రపిండాన్ని కాపాడు" అని ప్రార్థించాడు. సంఘమంతా ఆమెన్ అంది.

మా ఆసుపత్రి వెనక షెడ్డులో ఆపరేషన్. మత్తు సూది వేసి, ఒకవైపు కిడ్నీకి పోయే రక్తనాళాన్ని క్లాంపుతో బిగించి, కాసేపాగి వదిలి, కుట్లు వేశాను. బయట సంఘం పాటలు పాడుతోంది. పొట్టేలు తూలుతూ లేచి పోయడం మొదలుపెట్టింది. ఆపలేదు. గడ్డి తడిసింది, పాస్టరయ్య చెప్పులు తడిశాయి.

"స్తోత్రం!" అన్నారంతా. "చూడు, కొళాయి తిప్పినట్టు!" అని అత్త మామ వీపు చరిచింది. "అయితే పోతాను" అన్నాడు మామ.

ఆ మత్తుమందు ఏ పశువుకు వేసినా మూత్రం అలాగే ధారకడుతుంది. పైగా రెండో కిడ్నీని నేను ముట్టుకోనే లేదు. ఆ ధార దేనికీ రుజువు కాదు. చెప్పాల్సింది. అందరూ నా చేతులు పట్టుకుని ఊపుతుంటే ఊపించుకుంటూ నిలబడ్డాను.

ఆత్మకూరు బస్టాండులో, నెల్లూరు బస్సు ముందు, చెప్పేశాను. మామ సంచి కింద పెట్టాడు.

"ఇప్పుడా చెప్పేది? రాయి పోయిందని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పేసినా గదరా!"

"పోకముందే ఎట్టా చెప్పినావు మామా?"

"పొట్టేలు పోసింది గదా!"

"దేవుడి ముందర చెప్పేసినావు," అంది అత్త. "ఇప్పుడు నువ్వు ఆపరేషనుకు పోకుంటే ఆయన్నే అబద్ధంలోకి లాగినట్టు. ఎక్కు." వెనకనుంచి నెట్టింది. ఎక్కాడు.

ఆపరేషన్ అయ్యాక మంచానికి వేలాడే మూత్రం సంచిని నేనూ అత్తా రెప్ప వేయకుండా చూశాం. మామ కోసం ప్రార్థిస్తున్నాననే అనుకున్నాను. నా మాట నిలవాలని కోరుకుంటున్నానని మధ్యలో తెలిసింది. గొట్టంలో ఎర్రటి చుక్క కదిలింది.

"ఇది కోసినదాంట్లో నుంచా, రెండోదాంట్లో నుంచా?" అంది అత్త.

"తెలియదత్తా."

"పోయి డాక్టరమ్మను అడుగు. నువ్వు మటుకు ఏం చెప్పబాక."

కొన్నాళ్లు పరీక్షలు చేస్తేగాని తెలియదంది డాక్టరమ్మ. ఆ మాటను ఒక్క ముక్కా కలపకుండా తెచ్చి చెప్పాను. తర్వాత కిడ్నీ నిలిచిందని తేలింది. మత్తు వల్లనేనా అని మామ అడగలేదు. నేనూ చెప్పలేదు.