ఉల్లిపొట్టు రంగు కమ్మలు

ఎరుపు అంటే ఎరుపే అనుకునేదాన్ని నేను. రాగి కమ్మల పని పట్టాకే తెలిసింది, జనం దగ్గర ఎన్ని ఎరుపులున్నాయో. మిరపపండు ఎరుపు వేరట, టమాట ఎరుపు వేరట, కుంకుమ వేరట, ఇటుక వేరట. పోనీ ఏదో ఒకటి చెప్పి ఊరుకుంటారా అంటే అదీ లేదు. పొద్దున ఒకటి చెబుతారు, బువ్వ తినే వేళకు ఇంకొకటి చెబుతారు. నా ప్రాణం తోడేశారు.

మాది ఎల్లారెడ్డి. మా ఆయన పోయి పన్నెండేళ్లయింది. ఆయన ఉన్నప్పుడూ, పోయాకా నేను చేసింది బీడీల పనే. ఒళ్లో చాట పెట్టుకుని దినమంతా వంగి కూర్చుంటే సాయంత్రానికి నడుము నాది కాదన్నట్టు ఉంటుంది. పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. దవాఖానాలో డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, బీడీలు మానకపోతే మందులు పనిచేయవని కోప్పడింది. మానేస్తే ఏం తినాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత మహిళా సంఘంలో నెల రోజులు రాగి రేకు పని నేర్పారు. రేకు మీద పువ్వో తీగో గోళ్ల రంగుతో గీయాలి. దాన్ని మందు నీళ్లలో వేస్తే, గోళ్ల రంగు లేని చోటంతా మందు కొరికేస్తుంది. గీసిన పువ్వు పైకి తేలుతుంది. గోళ్ల రంగు తుడిచేసి, మందు కొరికిన గుంటల్లో రంగు నింపి, పైపైన గుడ్డతో తుడిస్తే గుంటల్లోనే రంగు నిలుస్తుంది. చివరికి మెరుపు పూత. సంతకం గీయడం తప్ప నాకు చదువు రాదు. కానీ ముగ్గులు వేసిన చేయి కదా, తీగలు బాగానే వచ్చాయి.

కామారెడ్డిలో గాజుల దుకాణం నడిపే ఒకామె నా కమ్మలు చూసింది. "అవ్వా, పెండ్లోళ్లది ఒక ఆర్డర్ ఉన్నది. ముప్పై జతలు. చుట్టాలకు పెట్టుడుకు. ఇయి మంచిగ జేసిస్తే ఇగ నెలనెలా నీ దగ్గర్నే తీసుకుంట" అంది.

నెలనెలా అంటే బీడీలు మానేయొచ్చు. ఆ ఒక్క మాట కోసమే ఆ తర్వాత జరిగిందంతా ఓర్చుకున్నాను.

మొదట నలుపన్నారు. పెళ్లి ఇంట్లో నలుపేమిటని పెళ్లికూతురి మేనత్త కోపం చేసిందట. సరే, ఎరుపన్నారు. ఆ మేనత్తకే ఎరుపు మరీ మోటుగా కనిపించిందట. అక్కడి నుంచి మొదలైంది. దుకాణపామె ఫోన్‌లో పంపేది, నా కోడలు చదివి చెప్పేది.

"అత్తమ్మా, రాణి రంగు అంటున్నరు."

"నిన్న వంగపండు అన్నరు గద?"

"అది నిన్న. చీరలు మార్చిన్రట."

"చీరలు మారితే మారనీ, చెవులు అవే గద!"

కోడలు నవ్వింది. నవ్వుతుంది మరి, రంగులు కలిపేది ఆమె కాదు కదా. చీర ఫోటో పంపారు. ఆ ఫోన్ ఇంట్లో చూస్తే ఒక రంగు, వాకిట్లోకి తెచ్చి చూస్తే ఇంకో రంగు. కోడలు వేలితో ఏదో జరిపితే మూడో రంగు. ఇందులో ఏది చీర రంగో ఆ చీర నేసినవాడే చెప్పాలి.

ఇలా కాదని, రకరకాల రంగులు పూసిన రేకు ముక్కలు అట్ట మీద అంటించుకుని బస్సెక్కి కామారెడ్డి పోయాను. సీటు దొరకలేదు, అంత దూరమూ నిలబడే పోయాను. దుకాణంలో ఆ మేనత్త కూర్చుని ఉంది. అట్ట అటు తిప్పింది, ఇటు తిప్పింది. పక్కనున్న చుట్టాలామెతో, నేను అక్కడ లేనట్టే, "రంగుల చీర కట్టని మనిషికి రంగులేం తెలుస్తయ్?" అంది.

"కడుతలేను గని, కండ్లయితే పోలేదు బిడ్డా" అన్నాను. "నీకేం రంగు కావాలెనో నీ నోటితోని ఒక్కటి చెప్పు."

ఆమె అట్ట పక్కన పెట్టి, "ఉల్లిపొట్టు రంగు" అంది.

"పై పొట్టా, లోపలి పొట్టా?"

"మధ్యల ఉంటది సూడు, అది."

దుకాణపామె తల పట్టుకుంది. నేను ఎదురుగా ఉన్న కూరగాయల బండి దగ్గరికి పోయి ఉల్లిగడ్డ తెచ్చి, మేనత్త ముందే ఒలిచాను. ఆమె రెండో పొర చూపించి ఇదే అంది. ఆ పొట్టు కొంగున ముడేసుకుని ఎల్లారెడ్డికి తెచ్చాను. ఇంటికి వచ్చి ముడి విప్పితే పొట్టు ఎండి, ముడుచుకుని, గోధుమ రంగులోకి తిరిగి ఉంది. ఇప్పుడు మేనత్త చూసిన రంగు కలపాలా, నా కొంగులో ఉన్న రంగు కలపాలా? ఎరుపులో తెలుపు, తెలుపులో కాస్త పసుపు కలిపి నాలుగు రకాలు చేసి ఫోటో పంపించాను.

"జర ఆగుమంటున్నరు, ఇంకా ఖాయం కాలేదట" అంది కోడలు.

ముప్పై జతలూ మందులోంచి తీసి ఉన్నాయి. రంగు నింపడం, పూత పూయడం మాత్రమే మిగిలింది. అంతలో తాడ్వాయిలో మా చెల్లె మనవరాలి తొట్టెల వేడుక. పోకపోతే మాట పడాలి. కమ్మలన్నీ చాటలో పరిచి, దుమ్ము పడకుండా పైన కప్పి, రెండు రోజులకని బయలుదేరాను. కోడలు కూడా నాతోనే వచ్చింది.

కప్పింది దేంతో అని అడగండి. తడి గోనెసంచితో.

బీడీ ఆకు ఎండితే విరిగిపోతుంది. అందుకని నీళ్లు చల్లి తడి గోనె కప్పి ఉంచుతాం. చిన్నప్పటి నుంచి మా అమ్మ చేసింది అదే, నేను చేసిందీ అదే. పని ముగించి లేచేటప్పుడు చాటలో ఏముందో చూడకుండానే చేతులు గోనె తడిపి కప్పేస్తాయి. ఆ రోజూ కప్పేశాయి.

మూడో రోజు వచ్చి గోనె తీస్తే కమ్మలు లేవు, పాచి ఉంది. ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా, ఒకటి సగం నీలంగా. మందు సరిగ్గా కడగలేదేమో, ఆ తడికి అదంతా పొంగింది.

"అత్తమ్మా, రాగికి బూజు పట్టిందే!" అని కోడలు అరిచింది.

చింతపండు నానబెట్టి తోమడం మొదలుపెట్టాను. రాగి చెంబు తోమినట్టు ఒక్కొక్కటీ తోముతున్నాను. ఆలస్యం ఎందుకవుతుందో చెప్పాలని కోడలు తోమని వాటి ఫోటో తీసి దుకాణపామెకు పంపింది. ఇరవై జతలు తోమడం అయ్యాక జవాబు వచ్చింది.

"అత్తమ్మా, తోముడు ఆపు! మేనత్తకు గిదే పసందైందట. ఉల్లిపొట్టు వద్దట. ముప్పైకి ముప్పై గిట్లనే కావాలెనట. అన్నీ ఒక్కతీరుగ."

చింతపండు చేతులతోనే నుదురు కొట్టుకున్నాను.

తోమినవాటిని మళ్లీ తడి గోనెలో పెట్టాను. ఒక రోజు పెడితే ఏమీ కాలేదు. మందు చుక్క చిలకరించి పెడితే బొగ్గులా నల్లబడ్డాయి. తక్కువ చిలకరిస్తే మచ్చలు పడ్డాయి. ఉప్పు నీళ్లు చల్లి చూశాను. గోనె మార్చి చూశాను. పచ్చ వచ్చినవాటిలో కూడా ఒక జతలో కుడి కమ్మ ఒక పచ్చ, ఎడమ కమ్మ ఒక పచ్చ. ఈ గొడవలో బీడీలు చుట్టలేదు. కంపెనీవాడు వచ్చి, ఆకు తీసుకుపోయి బీడీలు ఇవ్వకపోతే నా బీడీ పని కార్డు ఇంకొకరికి రాస్తానని బెదిరించి పోయాడు. అటు బీడీలూ పోయి, ఇటు కమ్మలూ పోతే నేనేం కావాలి?

పెళ్లి నాలుగు రోజులుందనగా అన్నీ డబ్బాలో వేసుకుని కామారెడ్డి పోయాను. గల్లాపెట్టె మీదే డబ్బా బోర్లించాను. దుకాణపామె కమ్మలు కెలికి, "అవ్వా, ఇయి ఒక్కతీరుగ లేవు గద" అంది.

"లేవు. ఉండయి. అది నా చేతుల లేదు బిడ్డా. తడి ఎట్ల తింటే అట్ల అయితది. ఇగ చెప్తున్న ఇను. నా దగ్గర మూడు రంగులున్నయి. నలుపు, ఎరుపు, ఉత్త రాగి. నాలుగోది లేదు. ఉల్లిపొట్టు లేదు, వంగపండు లేదు, రాణి లేదు, రాజు లేదు. కావాలంటే తీసుకో, లేకుంటే డబ్బా మూతేసుకుని పోత."

అనేశాక భయమేసింది. బస్సులో వస్తూ ఇది కాదు అనుకున్నది. జర బతిమాలుదాం అనుకున్నాను. దుకాణపామె నన్ను ఎగాదిగా చూసి మేనత్తకు ఫోన్ చేసింది. అవతల నుంచి ఎంతసేపు మాటలో. చివరికి ఫోన్ పెట్టేసి, "మిరపపండు ఎరుపు ఏసియ్యుమంటున్నది" అంది.

నెల రోజుల కింద ఆమె వద్దన్న ఎరుపే అది. కమ్మలు డబ్బాలోకి ఎత్తుతూ, "మరి నెలనెలా అన్న ముచ్చట?" అని అడిగాను.

"మూడే రంగులంటే నెలనెలా ముప్పై జతలు పోవు అవ్వా. అన్ని రంగులు అడుగుతరు ఆడోళ్లు. నెలకు పదిహేను జతలు తే, సూద్దాం."

ముప్పై జతలూ మళ్లీ తోమి, ఎరుపు నింపి పెళ్లికి అందించాను, నెలనెలా ముచ్చటలో మాత్రం సగమే దొరికింది. కాబట్టి బీడీలు కూడా సగమే మానాను. వారంలో మూడు రోజులు బీడీలు, మిగతా రోజులు కమ్మలు. డాక్టరమ్మకు పూర్తిగా మానేశానని చెప్పలేదు, మానలేదనీ చెప్పలేదు. దగ్గు కొంచెం తగ్గింది, మంచంలో ఒక పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నాను.

నిన్న ఎరుపు నింపుతుంటే కోడలు ఫోన్ పట్టుకుని వచ్చింది.

"అత్తమ్మా, నలుపుల జర లేత నలుపు ఉంటదా అని అడుగుతున్నరు."

"ఉండదని కొట్టు."

"జర మెల్లగ చెప్పాల్నా?"

"మెల్లగ ఎందుకు? ఉండదని కొట్టు, ఫోన్ పక్కకు పెట్టి ఆ గుడ్డ ఇటియ్యి. రంగు ఎండిపోతున్నది."