బట్టతల మీదుగా పదకొండు గంటలు

కత్తెరక్క ఒకసారి భూగోళం మొత్తాన్ని టేపుతో కొలిచి, దీన్ని కుట్టినవాడెవడో పని రానివాడని తేల్చేసింది. సరే, మొత్తం కాదు, సగం అనుకోండి. ఆ సగం కూడా విమాన టికెట్ల ఆఫీసు గోడ మీది పటంలోనే. తిట్టడం మాత్రం పూర్తిగా తిట్టింది, అందులో కోత లేదు.

గౌన్లు, కోట్లు కుట్టే కొట్టు ఆమెది. మెడలో టేపు లేకుండా వీధిలోకి కూడా రాదు. కత్తెర కంటే నోరే పదునని ఆ పేరు పెట్టింది కట్టుకున్న మొగుడే. ఆమె వినకుండా, అనుకోండి.

ఎక్కడో దూరపు నగరంలో ఉన్న చెల్లెలికి గుండె ఆపరేషన్, రేపు పొద్దున్నే. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప మత్తుమందు ఎక్కించుకోనక్కా" అని ఫోనులో ఏడ్చింది. కత్తెరక్క కుట్టు మధ్యలో మిషను వదిలేసి, మొగుణ్ని వెంట ఈడ్చుకుని టికెట్ల ఆఫీసుకు పరుగెత్తింది.

గుమాస్తా కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు. "నేరుగా వెళ్లే విమానం ఒకటుందమ్మా. పదకొండు గంటల ప్రయాణం."

తెర మీద విమానం గీత విల్లులా పైకి వంగి, మంచు దేశాల నెత్తి మీదుగా పోతోంది. చూడగానే ఆమెకు ఒళ్లు మండింది.

"ఏమయ్యా, కొత్త మొహం కనబడితే ట్యాక్సీవాడు ఊరంతా తిప్పినట్టు తిప్పుతావా? అక్కడ నా చెల్లెలు చావుబతుకుల్లో ఉంది!"

గోడ దగ్గరికి వెళ్లి, పటం మీద రెండు ఊళ్ల మధ్య టేపు బిగించి లాగింది. ఆ టేపు కిందే ఇంకో నగరం కనిపించింది. "ఇదిగో తిన్నని దారి! ఈ ఊరి మీదుగా పోయేది ఇవ్వు."

"అక్కడ విమానం మారాలి. మీరు చేరేసరికి ఆపరేషన్ అయిపోతుందమ్మా."

"టేపు అబద్ధం చెప్పదు! నువ్వే చెబుతున్నావు!"

"ఇచ్చెయ్యవయ్యా, ఆవిడ అడిగిందే ఇచ్చెయ్" అని మొగుడు చేతులు జోడించాడు.

గుమాస్తా లేచాడు. వచ్చి తల వంచాడు. నడినెత్తిన నున్నటి బట్టతల, చుట్టూ జుట్టు అంచు. "ఇదే భూగోళం అనుకోండి. ఈ పక్క అంచున మీ ఊరు, ఆ పక్క అంచున మీ చెల్లెలి ఊరు. జుట్టు వెంబడి కొలవండి. తర్వాత బట్టతల మీదుగా కొలవండి."

కొలిచింది. మళ్లీ కొలిచింది. అడ్డంగా పోయేదే పొట్టి. ఆఫీసంతా నవ్వింది. ఆమె ముఖం జేవురించింది.

"అంటే గుండ్రటి ఒంటి మీది గుడ్డను సాగదీసి, ఇస్త్రీ చేసి గోడకు కొట్టారన్నమాట! కొలత ఎలా కుదిరి చస్తుంది? సిగ్గులేదూ? ఎంతమందిని ఏడిపించారు దీంతో? నా చేత కూడా తప్పు టికెట్టు కొనిపించేవాళ్లే!"

చివరికి ఆ వంకర దారి విమానమే ఎక్కింది. దారి పొడుగునా పళ్లు నూరుతూనే ఉంది.

ఆసుపత్రిలో చెల్లెలిని అప్పుడే చక్రాల మంచం మీదికి మార్చారు. అక్కను చూసి, నీరసంగానే నవ్వింది. "బావ ఫోన్లో అంతా చెప్పాడక్కా. నిజంగా ఆ గుమాస్తా బట్టతల కొలిచావా?"

"ఎవరి తల? మీ బావకు పనేముంది, కథలల్లడం తప్ప! నేను ఏ ఆఫీసుకూ పోలేదు, ఏ తలా కొలవలేదు. నోరు మూసుకుని ఆ చెయ్యి ఇటివ్వు."