అప్పలరాజు బావ ఆదివారం దర్శనాలు

నిన్న ఆదివారం ఉదయం ఆరుంపావుకి ఫోన్ మోగినప్పుడు నేను బావ సైకిల్‌కి గాలి కొడుతున్నాను.

స్క్రీన్ మీద "అక్క" అని కనపడగానే దొరికిపోయాం రా దేవుడా అనుకున్నాను.

అదే అయ్యుంటే ఎంత బాగుండేది.

"ఒరే తమ్ముడూ, మీ బావ కుర్సీలో కూకున్నోడు కూకున్నట్టే ఉన్నాడు. పిలిత్తే పలకట్లేదురా" అంది అక్క.

పెందుర్తిలో వాళ్ళిల్లు మా వెనక వీధే. చెప్పుల్లేకుండా పరుగెత్తాను. అప్పటికే అయిపోయింది.

మా అప్పలరాజు బావ ఇక లేడు. ఈ ముక్క టైప్ చేసి మూడుసార్లు డిలీట్ చేశాను.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. బావ స్టీల్‌ప్లాంట్‌లో ఫిట్టర్‌గా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. అందరూ రిటైరయ్యాక ఈజీ చైర్ కొంటారు. ఈయన గ్రావెల్ బైక్ కొన్నాడు. అంటే చూడ్డానికి రేసు సైకిల్, టైర్లు మాత్రం రాళ్ళూ మట్టీ తొక్కడానికి.

ఇంటికి రాగానే, "ఎవడో బిగించింది మనం నమ్మకూడదు" అని మొత్తం విప్పేశాడు. మళ్ళీ బిగించాక రెండు నట్లు మిగిలాయి.

"ఇయ్యి ఎగస్ట్రా ఇచ్చేరు" అని జేబులో వేసుకున్నాడు!

కొన్నాళ్ళకే గుండెకి స్టెంట్ పడింది. చదునుగా ఉన్నచోట వాకింగ్ ఓకే, కొండలూ గుట్టలూ బంద్ అన్నారు డాక్టర్ గారు. సైకిల్ అమ్మేయమంది అక్క. అమ్మేశానన్నాడు బావ.

అమ్మలేదు. మా బెడ్‌రూమ్‌లో పెట్టాడు. దాని వంపు హ్యాండిల్ మీద మా ఆవిడ లంగాలు ఆరేసుకునేది.

ఆర్నెల్లు ఓపిక పట్టాడు. తర్వాత ప్రతి ఆదివారం "సింహాచలం ఎల్తన్నామే, దర్శనానికి" అని అక్కకి చెప్పి బయల్దేరేవాడు. తోడు నేనూ, నా పాత సైకిలూ. అడవివరం దాటి, కంబాలకొండ గేటు దగ్గర టికెట్ తీసుకుని, అడవిలో ఎర్రమట్టి దారి పట్టేవాళ్ళం.

ఇంటికొచ్చేటప్పుడు సాక్ష్యం కావాలిగా! తిరుగుదారిలో నేను బస్సెక్కి గుడికెళ్ళి పులిహోర ప్రసాదం తెచ్చేవాణ్ణి. బావ కొండ కింద కొబ్బరికాయల కొట్టు దగ్గర సైకిళ్ళకి కాపలా.

ఒక ఆదివారం కంకర మీద టైరు జారి బావ ముళ్ళపొదలో పడ్డాడు. ఆయన్ని బయటికి లాగడానికి ముప్పావు గంట, ముళ్ళు తియ్యడానికి ఇంకో అరగంట. గుడికెళ్ళే టైము లేదు. దారిలో టిఫిన్ హోటల్లో పులిహోర ఆకులో కట్టించాను.

అక్క కళ్ళకద్దుకుంది. అక్కడితో ఆగిందా? కాలనీ అంతా పంచింది.

పది నిమిషాల్లో ఎదురింటి మేస్టారు వచ్చారు.

"అమ్మా, స్వామి ప్రసాదంలో ఉల్లిపాయ ముక్కొచ్చిందమ్మా!"

నేను తలుపు వెనక్కి జారుకున్నాను. బావ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మేస్టారూ, పెద్దోరు మీరు. ప్రసాదానికి వంకలెడతారేటండీ? ముందు లెంపలేసుకోండి."

పాపం, ఆయన నిజంగా లెంపలేసుకుని, ఆ ముక్క కూడా నోట్లో వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ వారమంతా బావకి నిద్ర లేదు. తర్వాతి ఆదివారం నిజంగానే గుడికెళ్ళి, స్వామి ముందు ఎన్ని లెంపలేసుకున్నాడో నాకు లెక్క తప్పింది. వెనక క్యూలో ఉన్నావిడ "ఎంత బత్తో!" అంది.

మేస్టారూ, మీరు ఈ పోస్ట్ చదువుతుంటే క్షమించండి. అది ఉల్లిపాయే.

అడవిలో ఎక్కుడు దగ్గర బావకి ఆయాసం వచ్చేది. "ఆగుదామా బావా" అంటే, "ఆగితే అలవాటైపోద్దిరా, తొక్కు" అనేవాడు. పైకెళ్ళాక ఆ చివర సముద్రం కనపడేది. చొక్కా బొత్తాలు విప్పుకుని, గాలి పీల్చుకుంటూ చిన్నపిల్లాడిలా నవ్వేవాడు.

నేను కూడా నవ్వాను. రెండేళ్ళు.

నిన్నట్నుంచి మాత్రం ఒకటే ఆలోచన. డాక్టర్ వద్దన్న కొండ ఎక్కించింది నేను. సైకిల్ దాచింది నేను. సొంత అక్కకి అబద్ధం చెప్పింది నేను. బావని నేనే చంపుకున్నానా?

నిన్న సాయంత్రం అంత్యక్రియలన్నీ అయ్యాక అక్క పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. కొడితే కొట్టనీ అనుకున్నాను.

"తెలుసురా" అంది.

"ఎలాగక్కా?"

"బట్టలుతికేది నానే కదా. గుడికెల్లినోడి సొక్కా నిండా ఎర్రమట్టి ఎలాగొత్తాది? మొదటి వారమే తెలిసిపోనాది."

"మరి ఎందుకు అడగలేదు?"

అక్క బావ కుర్చీకేసి చూసింది.

"అడిగితే మానేసీవోడు. ఇంట్లో కూకున్న ఆ ఆర్నెల్లూ సూసేను కదరా. గోడకేసి సూత్తా ఉండీవోడు. ఏటెడితే అది తినీసీవోడు, మాటా లేదు, పలుకూ లేదు. నీతోటి ఎల్లడం మొదలెట్టాక మల్లీ పప్పులో ఉప్పు లేదని నా మీద అరిసీవోడు. ఆ అరుపు కోసమే ఊరుకున్నాను."

అక్కే నా వీపు మీద చెయ్యేసింది.

"దినాలయ్యాక నన్నోపాలి ఆడకి తీస్కెల్లు. మీ బావ రెండేల్లు ఏటి సూసేడో నానూ సూత్తాను."

"సైకిల్ మీదా అక్కా?" అని అడిగాను. ఏడుపులో బుర్ర పనిచెయ్యదు.

"ఆటోలోరా, సన్నాసీ! గేటు కాడ్నించి నడుత్తాను."

చావింట్లో ఇద్దరం పకపకా నవ్వాం. వచ్చినవాళ్ళు వింతగా చూశారు. చూడనీ.

బావా, ఇక ఆయాసం లేని దారిలో హాయిగా సాగిపో. నీకు శాంతి కలగాలి. అక్కకి తోడు మేమున్నాం.