మా అత్తమ్మా, తోకలేని ఎలుకలూ

పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే జగిత్యాల నుంచి మరిది ఫోన్ చేశాడు. "వదినా, అమ్మ పోయింది" అన్నాడు. నిద్రలోనే పోయిందట. మా ఆయన దొరికిన విమానం పట్టుకుని వెళ్ళారు. అమ్మాయి పరీక్షల వల్ల తనూ నేనూ దోహాలోనే ఉండిపోయాం. పరామర్శకు వచ్చినవాళ్ళు "దేవతలాంటి మనిషి" అంటుంటే నాకు ఒళ్ళు మండింది. మా అత్తమ్మ దేవతేం కాదు. ఆమెకు లోకంలో సగం వస్తువులంటే రోత. ఏసీ గాలి రోత, డబ్బా పెరుగు రోత, లిఫ్టులో ఎవరో వదిలిపోయిన అత్తరు వాసన రోత. అన్నిటికన్నా పెద్ద రోత మా గినీపిగ్‌లు.

దోహాలో మేముండే అల్ మన్సూరాలో మా కింది ఫ్లాటు వాళ్ళు ఖతర్ వదిలి పోతూ ఆ రెండింటినీ మా అమ్మాయి చేతిలో పెట్టారు. అత్తమ్మ విజిట్ వీసా మీద దిగింది ఆ వారమే. బోను చూడగానే, "థూ, ఇంట్ల ఎలుకలు పడితే తరుముతరు గని సాదుతరా పిల్లా?" అంది. నిజం చెప్పాలంటే నాకూ అవంటే రోతే. ఆ ఉచ్చ కంపు, హాలంతా రాలే ఎండుగడ్డి, మనిషి నీడ పడితే చాలు బిగుసుకుపోయి చూసే ఆ నల్లపూసల కళ్ళు!

మేం డ్యూటీలకు, అమ్మాయి బడికి పోతే ఇంట్లో మిగిలేది అత్తమ్మా, అవీ. అసహ్యించుకునే మనిషి చూపు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది కదా. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే తిండి కోసం ఈల వేసినట్టు కూస్తాయనీ, పళ్ళు టకటక కొడితే కోపమనీ, గుర్రుమంటూ నడుం తిప్పుకుని నడిస్తే పెద్దరికం చూపించుకోవడమనీ ఆమే కనిపెట్టింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని చూడకూడనిది చూసింది. "తన పెంట తనే తింటున్నది, థూ థూ!" వాటికి అది అవసరమేనని అమ్మాయి ఎంత చెప్పినా ఆ పూట ముద్ద ముట్టలేదు.

అన్నీ సరిగ్గా కనిపెట్టిందనీ కాదు. ఒక శుక్రవారం తెల్లది ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి మెలికలు తిరిగింది. "మూర్ఛొచ్చింది దీనికి. ఎవరిదో దిష్టి" అంటూ ఉప్పూ ఎండుమిర్చీ దిగదుడిచి పొయ్యి మీద వేసేసింది. ఆ పొగకు ఫైర్ అలారం మోగింది. బిల్డింగంతా మెట్ల మీదికొచ్చింది. నేను దగ్గుతూ వాచ్‌మన్‌కు "ఫైర్ మాఫీ, మాఫీ" అని, మంటల్లేవని వచ్చీరాని అరబ్బీలో చెబుతూ దండాలు పెట్టాను. సంతోషమొస్తే అవి అలాగే ఎగురుతాయని తర్వాత తెలిసింది. "ఎలుకకు సంబరమేంది, రోత కాకపోతే" అంది.

కొన్నాళ్ళకు గోధుమరంగుది తిండి మానేసింది. మేం గమనించనేలేదు. ఫ్రిజ్ తీస్తే ఒక్క గొంతే వినబడుతోందని చెప్పింది అత్తమ్మే. పశువుల డాక్టరు పెరిగిన పళ్ళు కత్తిరించి, మళ్ళీ తనంతట తను తినేదాకా నోట్లో మేత పట్టకపోతే బతకదన్నాడు. అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. నేను సూదిలేని సిరంజి పట్టుకుని దగ్గరికి పోయి, చొంగ కారే ఆ మూతి చూసి వెనక్కి వచ్చేశాను. అత్తమ్మ సిరంజిని నా చేతిలోంచి లాక్కుంది. పాత తువ్వాల్లో జంతువును చుట్టి ఒళ్ళో పెట్టుకుని, నానిన మేత కొంచెం కొంచెంగా పట్టింది. ప్రతి గుక్కకూ ఒక "థూ". చీర మీద ఉచ్చ పోస్తే ఇంకో "థూ".

"అంత రోతైతే ఎందుకు అత్తమ్మా?" అన్నాను.

"మీ మామ పక్షవాతమొచ్చి పడ్డప్పుడు నాకు రోత పుట్టలేదనుకున్నవా? రోత రోతే, పని పనే."

ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు భయం పోయింది. ప్రేమ పుట్టింది.

వీసా గడువు అయిపోయేసరికి అది బతికే ఉంది కానీ గొంతు విప్పలేదు. ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతూ సిరంజి నాకిచ్చి, "కండ్లు మూసుకొనన్న పట్టు, ఆపకు" అంది. ఆపలేదు.

ఒకరోజు ఆమెతో వీడియో కాల్ మాట్లాడుతూ కొత్తిమీర కట్ట విప్పుతున్నాను. వెనక నుంచి ఈల. నాకన్నా ముందు ఆమె పసిగట్టింది. "రెండూ కూస్తున్నయి గదనే!"

ఫోన్ బోను దగ్గర పెట్టాను. గోధుమరంగుది మూతి పైకెత్తి గొంతు చించుకుంటోంది.

"థూ, ఎంత గలీజు గొంతు!" అంది అత్తమ్మ. అని, కంపు జగిత్యాల దాకా కొట్టినట్టు కొంగు తీసి ముక్కుకూ మూతికీ అడ్డం పెట్టుకుంది. ఆ కూత ఆగేదాకా ఆ కొంగు తియ్యనేలేదు.