ఎస్తేరమ్మ పెట్టిన చుక్క

ఒక పిల్లను తల్లి దగ్గరికి తిరిగి తెచ్చినందుకు ఎస్తేరమ్మను పిల్లల పనిలోంచి తీసేశారు. తీసేసింది పరాయివాళ్ళని అనుకునేరు. మన తెలుగువాళ్ళే, కువైట్‌లో మన సంఘమే. అది తప్పు. ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే.

మొన్న మా చంటి మునిమనవరాలికి నోటిపూత వచ్చింది. నా మనవరాలు దూదిని ఊదారంగు మందులో ముంచి పాప నోట్లో పూసింది. ఆస్పత్రుల్లో దాన్ని జీవీ పెయింటు అంటారు. సీసా మూత తియ్యగానే ఆ మందు వాసన నా దాకా వచ్చింది. పాప పెదవులు, గౌను, తల్లి వేళ్ళు, దిండు గలీబు, అన్నీ ఊదారంగే. ‘ఒకసారి అంటిందంటే పోదు తాతా, సబ్బుకి కూడా లొంగదు’ అని మనవరాలు విసుక్కుంది. పోదమ్మా. పోదనే ఎస్తేరమ్మ దాన్ని ఎంచుకుంది. ఆ మాట పైకి అనకుండా లేచి వచ్చి, కాగితం, కలం ముందు పెట్టుకున్నాను.

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఆ ఎండాకాలం నేను అల్ రాయ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కును. మాది రాయచోటి పక్కన పల్లె. బడి ముఖం చూసినవాణ్ణి కాను. స్పేర్ పార్టులు చుట్టి వచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. మా కఫీల్, అంటే నా వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని, కుటుంబంతో సౌదీకి దాటిపోతూ గ్యారేజీ తాళాలు నా చేతిలో పెట్టాడు. పక్కన ఒక ఫర్నిచర్ గోడౌను ఖాళీగా ఉండేది. పని పోయి, గది పోయి రోడ్డున పడ్డ మనవాళ్ళను సంఘం అందులోకి చేర్చింది. అక్కడ వంట, అక్కడే పడక. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సు దొరికేదాకా అదే మా మజిలీ. బియ్యం తెచ్చేది, బస్సులు మాట్లాడేది మా చైర్మన్. మా జిల్లావాడే, కిరాణా వ్యాపారి. ఆయన లేకపోతే ఆ గోడౌనులో పొయ్యి వెలిగేది కాదు. ఆ మాట నేను ఎక్కడైనా ఒప్పుకుంటాను.

పిల్లల బాధ్యత ఎస్తేరమ్మది. నరసాపురం వైపు మనిషి, ఒక క్లినిక్‌లో నర్సు. క్లినిక్ మూతపడ్డాక ఒక మందుల పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేసింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. వచ్చిన పూటే సోఫా సెట్ల అట్టపెట్టెలన్నీ మా చేత మోయించి గోడౌను మూలన గోడలా పేర్పించింది. లోపలికి, బయటికి ఒకటే దారి. దారిలో కుర్చీ. కుర్చీలో తను. పెట్టెలోంచి ఊదారంగు సీసా, అగ్గిపుల్ల తీసి ప్రతి పిల్ల మణికట్టు మీదా ఒక గుర్తు పెట్టింది. ఒకరికి చుక్క కింద చుక్క, ఒకరికి చుక్క పక్కన గీత. అదే గుర్తు ఆ పిల్ల తల్లి మణికట్టు మీద, తండ్రి మణికట్టు మీద. కాన్పుల వార్డులో తల్లికీ బిడ్డకీ ఒకే అంకె చీటీ కడతారట. ఇక్కడ చీటీలు ఎక్కడ దొరుకుతాయి?

నేను ఆటపట్టించాను. ‘‘ఏం అక్కా, సంతలో ఎద్దులకేసినట్టు ముద్రలేస్తాండావే.’’

‘‘ఎద్దు తప్పిపోతే ఊరంతా వెతుకుతారు తమ్ముడూ. కూలోడి బిడ్డ తప్పిపోతే ఈ యుద్ధంలో ఎవడు వెతుకుతాడు?’’

‘‘అట్లయితే నాకూ ఒక చుక్క పెట్టు.’’

‘‘నీ పిల్లలు రాయచోటిలో ఉన్నారుగా. ఊరికే అడిగినోళ్ళందరికీ పెట్టేస్తే ఇంక చుక్కకి విలువేముందీ? జరుగు, వెలుతురుకి అడ్డం.’’

సాయంత్రం అయితే అదొక ఆట. తల్లి వచ్చి చెయ్యి చాపాలి, పిల్ల తన చెయ్యి పక్కన పెట్టాలి, రెండూ ఒకటైతేనే కుర్చీ పక్కకి జరిగేది. పిల్లలకు అది ఎంత సరదా అయిందంటే, కన్నతల్లి తొందరపడి ఎత్తుకోబోయినా ‘చుక్క చూపీ’ అని గదమాయించేవాళ్ళు. చైర్మన్‌కు మాత్రం అది మింగుడుపడలేదు.

‘‘సిస్టర్, ఈడ ఉండేది అంతా మనోళ్ళే. మనోళ్ళ మీద మనకే అనుమానమా?’’

‘‘బిడ్డ కనబడిన ప్రతి మగాణ్ణీ మావయ్యా అంటదండి. అది బిడ్డ నేర్చుకున్న మర్యాద. ఆ పిలుపు విని బిడ్డని చేతిలో పెట్టేస్తామా చైర్మన్ గారూ?’’

ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బస్సుల విషయంలో కొత్త కట్టడి వచ్చింది: పిల్లలున్న కుటుంబాలకే ముందు సీట్లు. న్యాయమైన కట్టడే. కానీ దాని వెనకే ఒక జబ్బు మొదలైంది. పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉండి, ఇక్కడ ఒంటరిగా చిక్కుకున్న మగవాళ్ళు పిల్లలను అరువు అడగసాగారు. ‘మీకు నలుగురు కదన్నా, ఒకణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా, అదే బస్సులో వస్తారు కదా’ అని. మొహమాటానికి ఇచ్చేసేవాళ్ళు కూడా ఉన్నారు. మనవాళ్ళలో ‘ఇవ్వను’ అంటే ఏమనుకుంటారో అనే భయం సైన్యం భయం కంటే పెద్దది.

రమణమ్మ కూతురు మంగకు అయిదేళ్ళు. రమణమ్మ ఫర్వానియాలో ఒక ఇంట్లో పని చేసేది. భర్త డ్రైవరు, సెలవు మీద ఊరికి పోయాక ఈ గొడవ మొదలైంది. తల్లీ బిడ్డా గోడౌనుకు చేరారు కానీ పాస్‌పోర్టు మామా దగ్గరే, అంటే ఆ ఇంటి యజమానురాలి దగ్గరే, ఉండిపోయింది. దారి పొడవునా సైనికులు. అందుకని మంగను అట్టపెట్టెల గదిలో వదిలి, పొద్దున్నే రమణమ్మ ఒక్కతే నడిచి పోయింది. మధ్యాహ్నానికి పాస్‌పోర్టు రవికెలో దాచుకుని తిరిగొచ్చింది. మంగ లేదు.

అటు చివర ఒకామెకు ఫిట్స్ వస్తే ఎస్తేరమ్మ కుర్చీ వదిలి వెళ్ళింది. ఆ కాసేపట్లోనే బస్సు బయలుదేరింది. పిల్ల ఎక్కడ అని ఎస్తేరమ్మ అడిగితే, చైర్మన్ బియ్యం బస్తా మీద కూర్చుని నింపాదిగా చెప్పాడు.

‘‘ఓబులేసుతో పంపించినా. మా పక్కూరోడే, మేస్త్రీ పని. మంచోడు. పిల్ల ఎట్లాగూ పోవాల్సిందే, వాడూ పోవాల్సిందే. ఇద్దరూ ఒక సీట్లో పోతే తప్పేముంది? రమణమ్మ రేపటి బస్సులో పోయి ఆడ కలుసుకుంటాది.’’

‘‘ఆడ అంటే ఎక్కడండీ?’’

‘‘అమ్మాన్‌లో.’’

‘‘అమ్మాన్‌లో ఎక్కడ? అతను ఆ పిల్లని ఎవరికి అప్పజెబుతాడు?’’

రమణమ్మ ఏడవలేదు. రోడ్డు వైపు పరుగు తీసింది. ఎస్తేరమ్మ నా వైపు తిరిగి, ‘‘తమ్ముడూ, బండి తియ్యి’’ అంది.

పికప్పులో పెట్రోలు లేదు. గ్యారేజీలో ఆగిపోయిన కార్లన్నిటి టాంకుల్లో రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చాను. ఒక కారు గుక్కెడు ఇచ్చింది, ఒకటి ఉత్త ఆవిరి ఇచ్చింది. నోరంతా పెట్రోలు, కళ్ళల్లో నీళ్ళు. బండి స్టార్ట్ అయింది. ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. జహ్రా దాటే దాకా నేను బ్రేకు తొక్కిన గుర్తు లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా కుడికాలు నేలను నొక్కుతోంది. కాలిపోయిన లారీలు, అడ్డంగా పడ్డ స్తంభాలు, ఒకచోట రోడ్డే లేక ఇసుకలోకి దింపాను. రమణమ్మ ఒకటే మాట: ‘‘ఆ బస్సేనా అన్నా? అదేనా?’’ ప్రతి దుమ్ముతెరా ఆమెకు ఆ బస్సులాగే కనబడింది. ఎస్తేరమ్మ ఆమె మణికట్టు వదలకుండా పట్టుకుని కూర్చుంది. చెమటకు గుర్తు చెరుగుతుందేమో అని చూసుకుంటోందని నాకు తర్వాత అర్థమైంది.

ముత్లా గుట్ట ఎక్కగానే కనబడింది. చెక్‌పోస్టు దగ్గర బస్సులు బారులు తీరి ఉన్నాయి. మనది ముందే ఉంది, సైనికుడు అప్పుడే దిగుతున్నాడు, డ్రైవరు గేరు వేస్తున్నాడు. నేను పికప్పును తీసుకుపోయి బస్సు ముందు అడ్డంగా నిలిపాను. తుపాకులు మా మీదికి లేచాయి. ఎస్తేరమ్మ రెండు చేతులూ పైకెత్తి దిగింది. అంత గట్టి గొంతునూ ఎంత మెత్తగా చేసిందో!

‘‘శునూ హాదా?’’ ఏమిటిది అని అరిచాడు సైనికుడు.

ఆమెకు వచ్చింది ఆస్పత్రి అరబ్బీ. రమణమ్మను ముందుకు లాగి, ‘‘హాదీ ఉమ్‌హా’’ అంది. ఈమె ఆ పిల్ల తల్లి.

బస్సు లోపల ఓబులేసు కిటికీ పక్కన, ఒళ్ళో మంగ, మంగ చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు. సైనికుడు అడిగితే ఓబులేసు ‘‘బిన్తీ, బిన్తీ’’ అన్నాడు. నా కూతురు అని. పాపం, ఎన్నిసార్లు వల్లించుకున్నాడో. ఇద్దరూ తెలుగు మొహాలే, ఇద్దరూ నా బిడ్డే అంటున్నారు. ఆ సైనికుడు ఎవరిని నమ్మాలి?

రమణమ్మ చేతులు చాచింది. మంగ ఒళ్ళోంచి దిగి వచ్చింది, వచ్చి ఆగింది. ఆగి, చెయ్యి చాపి, పెద్దరికంగా అంది:

‘‘చుక్క చూపీ మా.’’

తల్లి మణికట్టు, పిల్ల మణికట్టు పక్కపక్కన. రెండు చుక్కలు, కింద అడ్డగీత. ఇక్కడా అదే, అక్కడా అదే. ఎస్తేరమ్మ ఓబులేసు చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది. ఖాళీ. సైనికుడు ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసి తుపాకి భుజానికి తగిలించుకున్నాడు. పిల్ల తల మీద చెయ్యి వేసి ‘‘యల్లా’’, ఇక పదండి అన్నాడు.

‘‘ఆయప్పని కూడా చుక్క అడిగినా అక్కా,’’ అంది మంగ పికప్పు ఎక్కాక. ‘‘నీళ్ళు పోసుకుంటే పోయింది అన్నాడు.’’

ఓబులేసును బస్సులోంచి దింపేద్దామని నేనంటే ఎస్తేరమ్మ దింపనివ్వలేదు. కిటికీ కింద నిలబడి ఒక్కటే అడిగింది: ‘‘అక్కడ ఈ బిడ్డని ఎవరికిచ్చేవాడివి నాయనా?’’ అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. బస్సు కదిలిపోయింది.

మేము గోడౌను చేరేసరికి కబురు మాకంటే ముందే వచ్చింది. చైర్మన్ అందరిముందూ అన్నాడు: ‘‘సైన్యం ముందర మన పరువు తీసినారు సిస్టర్. రేపు బస్సులు ఆపేస్తే ఎవరు జవాబుదారీ? మీరు రెస్టు తీసుకోండి. పిల్లల్ని వేరేవాళ్ళు చూసుకుంటారు.’’ నేను లేచి నాలుగు మాటలు అనబోతే ఆమె నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఊదారంగు సీసా తీసి కుర్చీ మీద పెట్టింది.

‘‘నా పేరు తీసెయ్యండి. చుక్క మాత్రం తీసెయ్యకండి.’’

పేరు తీసేశారు. నిజంగానే తీసేశారు. యుద్ధం అయ్యాక సంఘం వేసిన ప్రతి సావనీరులోనూ ‘ఆనాడు పిల్లలను కమిటీ కంటికి రెప్పలా కాపాడింది’ అని ఉంటుంది. చైర్మన్ ఫోటో ఉంటుంది. ఎస్తేరమ్మ నరసాపురం తిరిగి వెళ్ళి, ఎవరికీ తెలియకుండా బతికి, ఎవరికీ తెలియకుండానే పోయింది. నేను సావనీరు వచ్చినప్పుడల్లా సంఘానికి ఒక జాబు రాస్తూ వచ్చాను. జవాబు వచ్చేది కాదు. ముసలాయనకు చాదస్తం అనుకుని ఉంటారు. అనుకోనీ. మనవాడేలే అనే మాట వింటే చాలు, ‘ఎవరికి అప్పజెబుతాడు?’ అనే ఆమె ప్రశ్న నా నోట్లోంచి దానంతట అదే వస్తుంది. పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో, మా వీధి బడి గేటు దగ్గర కూడా అడుగుతాను. చాలామందికి నేనంటే గిట్టదు.

ఈసారి, పాప మందు వాసన తగిలిన రోజు రాసిన జాబుకు జవాబు వచ్చింది. సంఘానికి కొత్తగా కార్యదర్శి అయిన అమ్మాయి రాసింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

‘‘పెద్దాయన గారికి నమస్కారం. మా కాగితాల్లో ఎస్తేరమ్మ అనే పేరు ఎక్కడా లేదు. అన్నీ వెతికాను. కానీ పని ఇళ్ళ నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళ కోసం మేము నడిపే ఆశ్రయంలో, పిక్నిక్‌లలో, పండగలలో, లోపలికి వచ్చే ప్రతి పిల్ల మణికట్టు మీదా తల్లి మణికట్టు మీదా ఇప్పటికీ ఒకే ఊదారంగు గుర్తు పెడతాం. ఎందుకు ఊదారంగే అని నేను చేరినప్పుడు అడిగాను. మొదటినుంచీ అంతే అన్నారు. మొదలుపెట్టింది ఎవరో ఎవరికీ తెలియదు. మీ జాబు చదివాక నిన్న సాయంత్రం ఒక పాప చేతికి నేనే చుక్క పెట్టాను. ఏంటక్కా ఇది అని అడిగింది. ఎస్తేరమ్మ అని చెప్పాను.’’