తెడ్డు బ్యాటు

నా చిన్నప్పుడు నాకొచ్చినంత కోపం మా పేటలో ఇంకెవరికీ వచ్చేది కాదని మా అమ్మ అంటూండేది. అందులో సగం క్రికెట్ వల్ల వచ్చిన కోపం, మిగతా సగం మా పెద్దన్నయ్య వల్ల. పెద్దన్నయ్యంటే మా పెదనాన్న కొడుకు. నాకన్నా కాస్త పెద్దవాడు, నాకన్నా చాలా పొగరుబోతు.

మాది విశాఖ హార్బరుకి దగ్గర్లో చేపలు పట్టుకునేవాళ్ళ పేట. మా తాతయ్యకి సముద్రం తర్వాత క్రికెట్టే. ఆయన ట్రాన్సిస్టర్‌లో కామెంటరీ కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో వచ్చేది. ఆయనకి రెండూ రావు. జనం అరుపుని బట్టే ఆట చెప్పేసేవాడు. అరుపు లేచి అలాగే సాగితే ఫోరు, లేచి టక్కున ఆగిపోతే మనవాడి వికెట్టు పోయినట్టు. బడిలో నేర్చుకున్న ముక్కలతో నేను స్కోరు చెప్పేదాన్ని. ఆయన వల చిరుగులు అల్లుతూంటే నేను పక్కన దారం అందిస్తూ కూర్చునేదాన్ని. మా ఇంట్లో ఆటంటే పడిచచ్చేది మేమిద్దరమే.

ఒక వేసవిలో తాతయ్య విరిగిన పడవ తెడ్డు ఒకటి తెచ్చి బ్యాటు చెక్కాడు. చెక్క కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నది నేను. చెక్కపొట్టంతా నా ఒళ్ళో పడింది. పిడికి వలతాడు చుడుతూంటే కొస పట్టుకున్నదీ నేనే. అంతా అయ్యాక ఆ బ్యాటు తీసుకెళ్ళి మా పెద్దన్నయ్య చేతిలో పెట్టాడు. వాడు మగపిల్లాడు, పెద్ద మనవడు. అందులో ఆలోచించాల్సినది ఏదైనా ఉందని కూడా ఆయనకి తోచలేదు. తాతయ్యంటే నాకు ప్రాణం. అయినా ఇన్నేళ్ళ తర్వాత ఈ మాట రాస్తూంటే ఒళ్ళు మండుతూనే ఉంది.

అల వెనక్కి పోయాక గట్టిపడే తడి ఇసుక మీద ఆడేవాళ్ళం. బంతి నీళ్ళలోకి పోతే ఇక దొరకదు కాబట్టి మోకాలి లోతులో ఎవరో ఒకరు నిలబడాలి. ఆ ఎవరో ఒకరు రోజూ నేనే. లంగా తడిసి కాళ్ళకి చుట్టుకుంటూంటే పరిగెత్తి పరిగెత్తి బంతులు ఆపేదాన్ని. తీరా నా బ్యాటింగ్ వంతు వచ్చేసరికి పొద్దుపోయిందనో, ఆకలేస్తోందనో ఏదో ఒకటి చెప్పి ఆట కట్టేసేవాళ్ళు. ఒకరోజు వెలుతురు ఇంకా బాగా ఉంది. హార్బరు బయట ఆగిన ఓడల మీద దీపాలైనా వెలగలేదు. ఈరోజు నా వంతు ఇస్తేగానీ కదలనని వికెట్ల ముందు నిలబడ్డాను. పెద్దన్నయ్య బ్యాటు భుజాన వేసుకున్నాడు.

"బేటు నాది. ఎవులికిత్తానో నా ఇట్టం."

మిగతా పిల్లలు ఒక్కరూ నోరెత్తలేదు. ఒకడు కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ నిలబడ్డాడు. నేను ఇంటికెళ్ళి అన్నం ముట్టనని భీష్మించుకున్నాను. ఆడపిల్లకి ఆటేమిటని అమ్మ నన్నే తిట్టింది. తాతయ్య వచ్చి అడిగితే జరిగింది చెప్పి, అసలు తప్పంతా నీదే, బ్యాటు వాడికెందుకిచ్చావని ఆయన మీదే ఎగిరాను. ఆయన ట్రాన్సిస్టర్ కట్టేసి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్దవల వేశారు. పడవలో వెళ్ళి సముద్రంలో చుట్టూ వల దింపి, రెండు కొసల తాళ్ళనీ ఒడ్డున నిలబడి లాగుతారు. పేటంతా చెయ్యి వేస్తేగానీ ఆ బరువు రాదు. అందుకే తాడు పట్టి లాగిన ప్రతివాళ్ళకీ చేపల్లో వాటా ఉంటుంది. పిల్లలైనా సరే, దారిన పోతూ చెయ్యి వేసినవాళ్ళైనా సరే. ఆ వల మా తాతయ్యదే, కానీ పంచేటప్పుడు వల ఎవరిదన్న మాట ఎప్పుడూ వచ్చేది కాదు.

పెద్దన్నయ్య పిల్లలందరికంటే ముందు నిలబడి, అరచేతులు కందిపోయేలా లాగాడు. వల నిండా కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు పడ్డాయి. తాతయ్య దోసిళ్ళతో పంచుకుంటూ వచ్చాడు. నా గిన్నెలో వేశాడు. పెద్దన్నయ్య గిన్నె చాపితే వాణ్ణి దాటి పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. మరిచిపోయాడనుకుని వాడు మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వల నాది. ఎవులికిత్తానో నా ఇట్టం," అన్నాడు తాతయ్య.

తాళ్ళు చుడుతున్నవాళ్ళు చుట్టడం ఆపేశారు. లాగినవాడికి వాటా లేదనడమంటే విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపేయడమే. అలాంటి మాట మా ఒడ్డున ఎవరూ విని ఉండరు. పెద్దవాళ్ళు ఒకరిద్దరు గొణిగారు గానీ తాతయ్యకి ఎదురు చెప్పలేకపోయారు. పెద్దన్నయ్య గిన్నె మాత్రం దించలేదు.

నిజానికి నేను సంబరపడాలి. రాత్రి పస్తు పడుకుని నేను కోరుకున్నది ఇదే. కానీ వాడి ఎర్రటి అరచేతులు కనబడేసరికి నిన్నటి కోపమే మళ్ళీ పొంగింది, ఈసారి వాడి తరఫున. వాడి కోసం నాకు కోపం రావడమేమిటని నామీద నాకే చిర్రెత్తింది. అయినా ఆగలేక గిన్నె కింద పెట్టి తాతయ్యకి అడ్డంగా వెళ్ళాను.

"ఆడూ లాగినాడు తాతా. ఆడి వాటా ఆడికియ్యి."

తాతయ్య నావైపు చూడలేదు. చుట్టూ ఉన్న మగపిల్లల మొహాల్లోకి వరసగా చూశాడు.

"నిన్న ఈ పిల్ల కోసం ఈ మాట మీలో ఎవులైనా అన్నారేటి?"

తాతయ్య పెద్దన్నయ్య గిన్నెలోనూ అందరితో సమానంగా చేపలు వేశాడు. ఆ సాయంత్రం బ్యాటు అడిగి తీసుకుని, వలలు పెట్టే పాకలో మేకుకి తగిలించాడు. ఇకనుంచి అది ఆడేవాళ్ళందరిదీ అన్నాడు. తప్పు తనదేనని నాతో ఎప్పుడూ అనలేదు. ఆ మేకు కొట్టడమే ఆయనకి చేతనైన ఒప్పుకోలు.

నాకూ బ్యాటింగ్ వంతు వచ్చింది. తాతయ్యే అంపైరు. కాసేపైనా ఆడకముందే బంతి నా కాలికి తగిలింది, ఆయన వేలెత్తేశాడు. అది ఔటు కాదు. బంతి లెగ్ సైడు పోతోంది, ఎవరి మీద ఒట్టేయమన్నా వేస్తాను. నేను కాళ్ళు నేలకేసి కొట్టి దెబ్బలాడితే, ఆటలో వాటా అడిగావు, ఇచ్చాం, వలలో ఎన్ని పడ్డాయో సముద్రాన్ని అడగమని నవ్వాడు. రుసరుసలాడుతూ బ్యాటు ఇచ్చేసి నీళ్ళవైపు నడిచాను. అక్కడ మోకాలి లోతులో అప్పటికే మా పెద్దన్నయ్య నిలబడి ఉన్నాడు.

ఇప్పుడు మధురవాడలో మా అబ్బాయి అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను. సాయంత్రాలు పిల్లలు పార్కింగ్ పక్కన ఆడుకుంటారు. మొన్న వాచ్‌మన్ కూతురు కార్ల కింద దూరి దూరి బంతులు తీసింది. బ్యాటు మాత్రం ఆ పిల్ల చేతికి రాలేదు. బెంచీల మీద కూర్చున్న పెద్దలంతా చూస్తూనే ఉన్నారు, ఒక్కరికీ పట్టలేదు. మోకాళ్ళ నొప్పితోనే లేచి, ఆ పిల్ల వంతు ఇవ్వండిరా అన్నాను.

"బ్యాట్ నాది కదా నానమ్మా," అన్నాడు మా మనవడు. పుట్టినరోజుకి ఆ బ్యాటు కొనిచ్చింది నేనే.

మర్నాడు పొద్దున్నే కింద మెట్ల పక్క గోడకి మేకు కొట్టించి మనవడి బ్యాటు దానికి తగిలించాను. ఎవర్నడిగి కొట్టించారని అసోసియేషన్ వాళ్ళు వచ్చారు. నా కోపం ఏమీ తగ్గలేదని వాళ్ళకి బాగానే అర్థమైంది. బ్యాటు ఆ మేకుకే వేలాడుతోంది.